బొగ్గు బాకీ

1990-91లో సింగరేణి బొగ్గు గనుల మస్టర్ల మీద లక్షా 16 వేల పైచిలుకు పేర్లు ఉండేవి. ఆ ఏడాది వాళ్లంతా కలిసి తీసిన బొగ్గు 18 మిలియన్ టన్నుల లోపే. 2023-24కి వచ్చేసరికి కంపెనీ 70 మిలియన్ టన్నులు తీసింది. పర్మినెంటు కార్మికులు 40 వేల చిల్లర మిగిలారు. బొగ్గు దాదాపు నాలుగింతలైంది, ఉద్యోగాలు మూడో వంతుకు పడిపోయాయి.

మూడు దశాబ్దాల్లో పోయిన ఆ 75 వేల ఉద్యోగాల్లో ఒక్కటి కూడా పర్యావరణ ఉద్యమాల వల్ల పోలేదు. సోలార్ పలకలు వచ్చి లాక్కోలేదు. 2015లో పారిస్ ఒప్పందం కుదిరేనాటికే చాలావరకు పోయాయి. యంత్రాలొచ్చాయి, భూమి పైనుంచి తవ్వే ఓపెన్‌కాస్టులొచ్చాయి, స్వచ్ఛంద విరమణ పథకాలొచ్చాయి, మట్టి ఎత్తే పని కాంట్రాక్టర్ల చేతికి పోయింది. ఇంత పెద్ద మార్పు జరుగుతుంటే దాని మీద ఎవరూ కమిషన్ వేయలేదు. ఉద్యోగాలతోపాటు కళ తప్పిన ఊళ్లకు ఎవరూ నిధి పెట్టలేదు.

ఇప్పుడు వాతావరణ మార్పు మాట ఎత్తగానే బొగ్గు కార్మికుల గతేం కావాలన్న ప్రశ్న అన్నివైపుల నుంచీ వస్తోంది. అడగాల్సిన ప్రశ్నే. ముప్పై ఏళ్ల కిందటే అడగాల్సింది. బొగ్గు నుంచి దేశం బయటపడక తప్పదని నేను నమ్ముతాను. ఆ ఖర్చు బొగ్గు మీద బతికినవాళ్ల నెత్తిన పడకూడదనీ అంతే గట్టిగా నమ్ముతాను. ఈ రెండు మాటలూ ఒకే నోటితో చెప్పగలిగే రాజకీయమే ప్రగతిశీల రాజకీయం. మొదటిది మాత్రమే చెప్పేవాళ్లు బొగ్గు ఊరు గోదావరిఖని చౌరస్తాలో పది నిమిషాలు నిలబడలేరు. రెండోది మాత్రమే చెప్పేవాళ్లు మే నెల ఎండలో డంపర్ నడిపేవాడికి ఏ జవాబూ ఇవ్వలేరు.

తట్టా చెమ్మస్ నుంచి డంపర్ దాకా

ఇల్లెందు ప్రాంతంలో బొగ్గుందని జియలాజికల్ సర్వేకు చెందిన విలియం కింగ్ 1871లో గుర్తించాడు. 1889లో అక్కడ తవ్వకం మొదలైంది. అప్పటి నుంచి దాదాపు వందేళ్లు సింగరేణి అంటే భూగర్భ గని. టోపీకి లైటు పెట్టుకుని, కింది దాకా నడిచి, డ్రిల్లుతో రంధ్రాలు వేసి, మందు పెట్టి పేల్చి, పొగ తగ్గాక ఫిల్లర్లు తట్టా చెమ్మస్ పట్టుకుని టబ్బుల్లోకి బొగ్గెత్తేవాళ్లు. నిండిన టబ్బును హాలర్ తాడు పైకి లాగేది. ఒక్కో ఫేసు దగ్గర ఫిల్లర్లు, సపోర్ట్‌మెన్, షాట్‌ఫైరర్, సర్దార్.. ఇంతమంది చేతులు పడితేనే బొగ్గు బయటపడేది. ఆ చేతుల మీదే బెల్లంపల్లి, మందమర్రి, గోదావరిఖని, కొత్తగూడెం పెరిగాయి. జీతాల రోజు సాయంత్రం ఆ ఊళ్ల అంగళ్లలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు.

అది ప్రాణాంతకమైన పని. పైకప్పు కూలి, నీళ్లు ముంచెత్తి, టబ్బుల తాళ్లు తెగి ఎంతోమంది పోయారు. దాన్ని బంగారు కాలంగా చెప్పుకోవాలని నాకు లేదు. బొగ్గెత్తే ఎస్‌డీఎల్ యంత్రం వచ్చి మనిషి వీపు మీది తట్ట దించిందంటే అది మంచి మాటే. కానీ యంత్రం మిగిల్చిన సొమ్ము ఎటు పోయిందన్నది వేరే ప్రశ్న. అసలు రాజకీయం అక్కడుంది.

ఇవాళ సింగరేణి బొగ్గులో అత్యధిక భాగం ఓపెన్‌కాస్టుల (ఓసీల)దే. ఓసీలో టన్ను బొగ్గు తీయాలంటే ఎన్నో ఘనపు మీటర్ల మట్టి ఎత్తాలి. ఆ మట్టి పని చాలావరకు ప్రైవేటు కాంట్రాక్టర్లది. మట్టి గుట్టలై లేచిన చోట మునుపు పొలాలున్నాయి, ఆ పొలాల్లో నాట్లేసిన ఆడకూలీలున్నారు. భూమి ఉన్న కుటుంబానికి పరిహారం వచ్చింది, కొందరికి ఉద్యోగమూ వచ్చింది. కూలి మీద బతికిన ఇంటికి ఏ కాగితమూ రాలేదు. సత్తుపల్లిలో జేవీఆర్ ఓసీ బ్లాస్టింగులకు గోడలు పగులుతున్నాయని జనం ఏళ్ల తరబడి మొత్తుకుంటూనే ఉన్నారు. మధ్యాహ్నం సైరన్ మోగితే పొయ్యి మీది గిన్నె పట్టుకుని నిలబడే ఇళ్లున్నాయి అక్కడ.

2024లో ప్రభుత్వం ప్రకటించిన సింగరేణి లాభాల వాటాను ఒకసారి చూడండి. 2023-24 నికర లాభం 4,701 కోట్లు. అందులో విస్తరణకు, పెట్టుబడులకు 2,289 కోట్లు పక్కన పెట్టి, మిగిలిన దాంట్లో 33 శాతం, అంటే 796 కోట్లు కార్మికులకు పంచారు. పర్మినెంటు కార్మికుడికి సగటున లక్షా 90 వేలు. 25 వేల మంది కాంట్రాక్టు కార్మికులకు తలా ఐదు వేలు. కంపెనీ చరిత్రలో కాంట్రాక్టు కార్మికులకు బోనస్ ఇవ్వడం అదే మొదటిసారి గనుక ఆ ఐదు వేలూ గొప్ప వార్తే అయింది. 2022 సెప్టెంబర్‌లో వీళ్లే జీతాల కోసం పద్దెనిమిది రోజులు సమ్మె చేశారు. బొగ్గు ఆగిపోయే రోజు వస్తే ముందుగా ఎవరి పని పోతుందో తెలుసుకోవడానికి లక్షా 90 వేలు, ఐదు వేలు అనే రెండు అంకెలు చాలు. పర్మినెంటు మనిషిని మరో గనికి బదిలీ చేస్తారు. కాంట్రాక్టు మనిషికి టెండరు ముగిసిందని చెబుతారు.

సూపర్‌ఫండ్ అడిగిన కార్మిక నాయకుడు

పరిశ్రమ మూతపడేటప్పుడు కార్మికుడు నష్టపోకూడదనే ‘న్యాయమైన పరివర్తన’ ఆలోచన విశ్వవిద్యాలయాల్లో పుట్టిందని చాలామంది అనుకుంటారు. అది పుట్టింది కార్మిక సంఘంలో. అమెరికాలో చమురు, రసాయన, అణు కార్మికుల సంఘం నాయకుడు టోనీ మజ్జోకీ 1990ల మొదట్లో ఒక వాదన తెచ్చాడు. ఆ దేశంలో విషపూరితమైన నేలను శుభ్రం చేయడానికి సూపర్‌ఫండ్ అనే చట్టబద్ధ నిధి ఉంది. మట్టికి నిధి ఉన్నప్పుడు, అదే విషం మధ్య పనిచేసిన మనిషికి ఎందుకు ఉండకూడదన్నది ఆయన వాదన. ప్రమాదకర పరిశ్రమలు మూతపడితే కార్మికుడికి కొన్నేళ్లపాటు పూర్తి జీతం, చదువుకోవాలంటే చదువు ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవాలన్నాడు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక ఇంటికొచ్చిన సైనికులను అమెరికా ఒక చట్టం ద్వారా కాలేజీలకు పంపింది. మజ్జోకీ ఆ యుద్ధంలో పోరాడినవాడు, ఆ చట్టం ఏం చేయగలిగిందో చూసినవాడు. సైనికుడికి చేసింది కార్మికుడికీ చేయమన్నాడు, అంతే.

ఆ ఆలోచన ఇరవై ఏళ్లు తిరిగి తిరిగి 2015 పారిస్ ఒప్పందం పీఠికలోకి ఎక్కింది. 2019 ఫిబ్రవరిలో అలెగ్జాండ్రియా ఒకాసియో-కోర్టెజ్, ఎడ్ మార్కీ అమెరికా కాంగ్రెస్‌లో పెట్టిన గ్రీన్ న్యూ డీల్ తీర్మానానికి వెన్నెముకా అదే: కాలుష్యం తగ్గించే పనీ, జీతాలు పెంచే పనీ, ఆరోగ్యం చూసుకునే పనీ విడివిడిగా జరగవని. తీర్మానం చట్టం కాలేదు. 2022లో వచ్చిన చట్టం మూతపడిన బొగ్గు ప్రాంతాల్లో పెట్టే ప్రాజెక్టులకు అదనపు పన్ను రాయితీ ఇచ్చింది. 2025లో ప్రభుత్వం మారాక ఆ చట్టంలోని సౌర, పవన విద్యుత్ రాయితీలను చాలావరకు కోసేశారు. రాయితీల మీద కట్టిన వాతావరణ విధానం ఒక్క ఎన్నికతో కూలుతుందని ఆ అనుభవం చెబుతోంది. కార్మికుడి చేతికి హక్కుగా అందినదాన్ని వెనక్కి తీసుకోవడం అంత తేలిక కాదు.

మన దేశంలో ఈ చర్చకు ఇంకో మూలం ఉంది. 1991లో అనిల్ అగర్వాల్, సునీతా నారాయణ్ ఒక చిన్న పుస్తకంలో తేల్చి చెప్పారు: పేదవాడు బతకడానికి వదిలే వాయువునూ, ధనవంతుడు విలాసానికి వదిలే వాయువునూ ఒకే తక్కెడలో తూచడం అన్యాయమని. ఇవాళ్టికీ సగటు భారతీయుడి వాటా ఏడాదికి రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్ మేరకే, అమెరికా పౌరుడిది పద్నాలుగు దరిదాపుల్లో. ఆ వాదన బలం మీదే ప్రతి అంతర్జాతీయ సదస్సులోనూ భారత్ నిధులు అడుగుతోంది, గడువు అడుగుతోంది. అడగాలి. ప్రపంచాన్ని వేడెక్కించినవాళ్లే ముందు చెల్లించాలన్న సూత్రం తిరుగులేనిది. అయితే ఆ సూత్రం దేశం సరిహద్దు దగ్గర ఆగిపోకూడదు. బొగ్గు కరెంటుతో హైదరాబాద్ ఐటీ టవర్లు చల్లబడ్డాయి. వేడి, దుమ్ము, పగిలిన గోడలు మంథని, మణుగూరు, సత్తుపల్లి పల్లెలకు మిగిలాయి. ఢిల్లీ ప్రపంచాన్ని అడిగే న్యాయాన్నే ఈ పల్లెలు ఢిల్లీని, హైదరాబాద్‌ను అడుగుతాయి.

టన్నుకు నాలుగు వందలు

డబ్బెక్కడుందని ఎవరైనా అంటే వాళ్లకు ఈ లెక్క చెప్పాలి.

2010లో కేంద్రం బొగ్గు మీద టన్నుకు 50 రూపాయల సెస్సు వేసింది. స్వచ్ఛ ఇంధనం కోసమని చెప్పింది. 2014లో అది వంద, 2015లో రెండు వందలు, 2016లో నాలుగు వందలు అయింది. ఉద్దేశం గొప్పది. దాంతో జాతీయ స్వచ్ఛ ఇంధన నిధి పెట్టారు. 2010-11 నుంచి 2017-18 వరకు వసూలైంది దాదాపు 86 వేల కోట్లు. అందులో ఆ నిధికి చేరింది 30 వేల కోట్ల లోపు. నిధి నుంచి ప్రాజెక్టులకు అందింది 16 వేల కోట్లు. 2017 జులైలో జీఎస్టీ వచ్చాక టన్నుకు నాలుగు వందలనూ రాష్ట్రాలకు చెల్లించే పరిహార సెస్సులో కలిపేశారు. అక్కడితో స్వచ్ఛ ఇంధనంతో దానికున్న చుట్టరికం తెగింది. 2025 సెప్టెంబర్‌లో ఆ సెస్సు కూడా ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతానికి పెంచారు.

ఒక్క సింగరేణినే తీసుకుని లెక్కేయండి. 70 మిలియన్ టన్నులకు టన్నుకు నాలుగు వందల చొప్పున ఏడాదికి 2,800 కోట్లు. అందులో పదో వంతు, 280 కోట్లు, ఏటా బొగ్గు ప్రాంతం భవిష్యత్తు కోసం పక్కన పెట్టి ఉంటే, ఇప్పటికి బెల్లంపల్లిలోనో ఇల్లెందులోనో బొగ్గు లేకుండా బతికే దారి ఒకటి కళ్లకు కనిపించేది. అలాంటి ఆలోచన చేసిన ప్రభుత్వం లేదు. అడిగిన పార్టీ కూడా లేదనే చెప్పాలి. వామపక్షాలైనా ఈ సెస్సును ఎన్నికల అంశం చేయలేకపోవడం నాకు బాధ కలిగించే విషయం.

జిల్లా ఖనిజ నిధి సంగతీ చూడాలి. 2015లో గనుల చట్టాన్ని సవరించి, రాయల్టీ మీద అదనంగా వసూలు చేసే సొమ్మును గనుల వల్ల నష్టపోయిన ప్రాంతాలకే ఖర్చు పెట్టాలన్నారు. ఇది మంచి చట్టం. దేశంలో చాలాచోట్ల ఆ సొమ్ము ఎక్కువగా రోడ్లకు, భవనాలకు పోయింది. గని మూతపడ్డాక ఆ ఊరు ఏం చేసి బతకాలన్న పద్దు అందులో కనబడదు. నష్టపోయిన ఊరి గ్రామసభ కూర్చుని ఖర్చు తేల్చే పద్ధతి వస్తే తప్ప కనబడదు కూడా.

నీళ్ల మీద ఐదు వందల ఎకరాలు

రామగుండం ఎన్‌టీపీసీ జలాశయం మీద తేలే సౌర విద్యుత్ కేంద్రం ఉంది. 2022 జులై 1 నుంచి పూర్తి స్థాయిలో నడుస్తోంది. సామర్థ్యం 100 మెగావాట్లు, ఖర్చు 423 కోట్లు. ఐదు వందల ఎకరాల నీటి మీద నలభై బ్లాకులు, ఒక్కో బ్లాకులో 11,200 పలకలు. ప్లాస్టిక్ తెప్పల మీద పలకలు, తేలే వేదిక మీదే ఇన్వర్టరూ ట్రాన్స్‌ఫార్మరూ. మొత్తాన్ని గట్టి తాళ్లతో జలాశయం అడుగున దింపిన బరువులకు కట్టారు. సెంటు భూమి కూడా సేకరించలేదు. నీళ్ల మీద నీడ పడటంతో ఏడాదికి 32.5 లక్షల ఘనపు మీటర్ల నీరు ఆవిరి కాకుండా మిగులుతుందని అంచనా. ప్రభుత్వ రంగ సంస్థ కట్టింది, నిర్మాణ బాధ్యత మరో ప్రభుత్వ రంగ సంస్థ భెల్‌ది. బొగ్గు మీద పుట్టిన ఊళ్లో, బొగ్గు కరెంటు కేంద్రం పక్కనే, అవే తీగల మీదుగా ఎండ కరెంటు పోతోంది. ఇది చూస్తే నాకు నిజంగా ఆశ కలుగుతుంది.

అదే చోట ఒక చేదు లెక్కా ఉంది. ఆ కేంద్రం వల్ల ఏడాదికి లక్షా 65 వేల టన్నుల బొగ్గు ఆదా అవుతుంది. సింగరేణి ఒక్కరోజులో తీసే బొగ్గు అంతకంటే ఎక్కువ. ఐదు వందల ఎకరాల పలకలు ఏడాది పొడవునా పనిచేస్తే ఆదా అయ్యేది సింగరేణి ఒకరోజు ఉత్పత్తికి కూడా సమానం కాదు. దేశంలో స్థాపిత విద్యుత్ సామర్థ్యంలో సగం శిలాజేతర వనరులదేనని 2025లో కేంద్రం ప్రకటించింది. నిజమే. అయినా ఇళ్లకు, మోటార్లకు, మిల్లులకు నిజంగా అందే యూనిట్లలో ముప్పాతిక భాగం దాకా ఇంకా బొగ్గువే. ఈ దూరాన్ని దాచిపెట్టి ఉద్యమం చేస్తే జనం నమ్మరు.

ఉద్యోగాల సంగతిలోనూ అంతే నిజాయితీ కావాలి. ప్రగతిశీల పార్టీలు పలు దేశాల్లో ‘హరిత ఉద్యోగాలు’ అంటూ పెద్ద పెద్ద అంకెలు చెబుతాయి. సోలార్ కేంద్రం కట్టేటప్పుడు వందలమందికి పనుంటుంది. కట్టాక కాపలాకు, పలకలు కడగడానికి, మరమ్మతులకు కొద్దిమంది చాలు. నలభై వేల మంది పర్మినెంటు కార్మికులను, పాతిక ముప్పై వేల మంది కాంట్రాక్టు కార్మికులను పలకలు మోయలేవు. వాళ్లకు పని ఎక్కడుందంటే పాడైన భూమిని బాగుచేయడంలో ఉంది. ఓసీ గోతులను పంప్డ్ స్టోరేజ్ జలాశయాలుగా మార్చడంలో ఉంది. మేడిపల్లి ఓసీలో అలాంటి ప్రతిపాదన సింగరేణే పెట్టింది. పగలు ఎండ కరెంటుతో నీటిని పైకి తోడి, దీపాలు పెట్టే వేళ కిందికి వదిలి కరెంటు తీసే పద్ధతి మనకు కొత్తేం కాదు. శ్రీశైలం ఎడమగట్టున, నాగార్జునసాగర్‌లో అలా తిప్పగల యంత్రాలు ఎప్పటి నుంచో ఉన్నాయి, ప్రజల సొత్తుగా ఉన్నాయి. పని బడిలోనూ ఆస్పత్రిలోనూ ఉంది. గనిలో సర్వే చేసినవాడికి, మోటారు విప్పి బిగించినవాడికి, షాట్‌ఫైరింగ్ చదువుకుని పాసైనవాడికి నేర్పితే రాని పని లేదు. నేర్పే కాలంలో జీతం ఎవరిస్తారన్నదే అసలు సమస్య.

రెండు దేశాలు చేసిన పని

గనులు, బొగ్గు కరెంటు కేంద్రాల మూసివేతకు ప్రపంచంలో మంచి ఉదాహరణ, చెడ్డ ఉదాహరణ రెండూ ఉన్నాయి.

2018 అక్టోబర్‌లో స్పెయిన్ సోషలిస్టు ప్రభుత్వం బొగ్గు గనుల సంఘాలతో కూర్చుని ఒప్పందం చేసుకుంది. చాలా గనులు మూసేస్తారు. 25 కోట్ల యూరోలు కేటాయిస్తారు. 48 ఏళ్లు దాటిన గని కార్మికుడు ముందే పింఛను తీసుకోవచ్చు. చిన్నవాళ్లకు కొత్త పనుల్లో శిక్షణ, గనులు మూసిన ప్రాంతాల పునరుద్ధరణ పనుల్లో వాళ్లకే మొదటి అవకాశం. ఆ తర్వాతి ఎన్నికల్లో బొగ్గు ప్రాంతాల్లో ఆ పార్టీకి ఓట్లు పెరిగాయి. గనులు మూసే ప్రభుత్వానికి గని కార్మికులు ఓటేశారంటే, ముందుగా వాళ్లతో కూర్చుని మాట్లాడటం వల్లే. అక్కడ మిగిలిన కార్మికులు వెయ్యి మంది చిల్లరే గనుక పని తేలికైందన్న అభ్యంతరం ఒప్పుకుంటాను. సంఖ్య మారినా పద్ధతి పనికొస్తుంది.

దక్షిణాఫ్రికాలో కొమాటి థర్మల్ కేంద్రాన్ని 2022 అక్టోబర్ 31న మూశారు. ప్రపంచ బ్యాంకు 497 మిలియన్ డాలర్ల ప్రాజెక్టు మంజూరు చేసింది. కేంద్రాన్ని శిక్షణ స్థలంగా, సౌర విద్యుత్ కేంద్రంగా మారుస్తామని చెప్పారు. పర్మినెంటు ఉద్యోగులను ఇతర కేంద్రాలకు సర్దారు. కాంట్రాక్టు కార్మికులు, వాళ్ల మీద బతికిన అంగళ్లవాళ్లు, ఇళ్లు అద్దెకిచ్చినవాళ్లు ఎక్కడివాళ్లక్కడ మిగిలిపోయారు. మూసివేత ముందు జరిగింది, ఏర్పాటు తర్వాత రావడం మొదలుపెట్టింది. కొమాటి పేరు చెబితే ఇప్పుడు ఆ దేశంలో బొగ్గు సంఘాలు భయపడుతున్నాయి. గోదావరిఖనికి ఆ భయం రాకూడదంటే వరుస తిరగబడాలి.

మనకు దగ్గరి అనుభవం పాల్వంచది. అక్కడి కొత్తగూడెం థర్మల్ కేంద్రం పాత యూనిట్లు, 720 మెగావాట్లు, 2020 మార్చి నాటికి మూతపడ్డాయి. 2024 ఆగస్టు 5న ఎనిమిది కూలింగ్ టవర్లను పేల్చి కూల్చారు. ఐదు దశాబ్దాలు ఆ ఊరికి గుర్తుగా నిలిచినవి సెకన్లలో దుమ్మైపోవడం టీవీలన్నీ చూపించాయి. ఆ స్థలంలో ఏం రావాలి, ఆ ఊరి యువతకు అందులో ఎంత వాటా అన్న చర్చకు మాత్రం టీవీల్లో ఒక్క గంట దొరకలేదు. అటు జార్ఖండ్ ప్రభుత్వం 2022లోనే న్యాయమైన పరివర్తన కోసం టాస్క్‌ఫోర్స్ వేసింది. దేశంలో అదే మొదటిది. సింగరేణిలో 51 శాతం వాటా ఉన్న తెలంగాణ ప్రభుత్వానికి అలాంటిది ఇంకా ఎక్కువ అవసరం.

ఎండకూ యజమాని ఉంటాడు

తెలుగు నేల మీద కరెంటు రాజకీయం కొత్తది కాదు. ప్రపంచ బ్యాంకు సూచించిన విద్యుత్ సంస్కరణలకు, చార్జీల పెంపుకు వ్యతిరేకంగా 2000 ఆగస్టు 28న వామపక్షాలు కదిలినప్పుడు హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో పోలీసు కాల్పులు జరిగి ముగ్గురు చనిపోయారు. తర్వాతి కాలంలో పార్టీలు రైతు మోటారు జోలికి వెళ్లడానికి జంకడానికి ఆ రక్తం ఒక కారణం. 2010 జులై 14న సోంపేటలో బీల (చిత్తడి) భూముల్లో థర్మల్ కేంద్రం వద్దన్న మత్స్యకారుల మీద, రైతుల మీద కాల్పులు జరిగాయి. అదే రోజు పర్యావరణ అప్పీలు అథారిటీ ఆ ప్రాజెక్టు అనుమతిని రద్దు చేసింది. కేంద్ర విద్యుత్ శాఖ కార్యదర్శిగా పనిచేసిన ఈ.ఏ.ఎస్. శర్మ ఆ పల్లెల వైపు నిలబడ్డారు. మరుసటి ఏడాది ఫిబ్రవరిలో కాకరాపల్లిలో మళ్లీ అదే కథ. వాతావరణ మార్పు మీద ఇక్కడ పార్టీలు మాట్లాడక ముందే, చిత్తడి నేల విలువ ఏమిటో ఉద్దానం, టెక్కలి ప్రాంతాల ఆడవాళ్లు రోడ్డు మీద కూర్చుని చెప్పారు.

బొగ్గు స్థానంలో ఎండ వచ్చినంత మాత్రాన ఈ పోరాటాలు ముగియవు. 2025లో ఉలవపాడు మండలం కరేడులో సోలార్ పరికరాల పరిశ్రమ కోసం వేల ఎకరాలు తీసుకుంటామంటే రైతులు హైవే మీదికి వచ్చారు. పరిశ్రమ మంచిదైనా మూడు పంటలు పండే భూమి పోవడం ఒకటే. ఉమ్మడి కర్నూలు జిల్లా ఓర్వకల్లు, గడివేముల ప్రాంతంలో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ప్రభుత్వం సేకరించిన భూముల్లో లేచింది. మన సరిహద్దుకు అవతల, తెలుగు మాట్లాడే పావగడలో కర్ణాటక మరో పద్ధతి పట్టింది. 13 వేల ఎకరాలను రైతుల నుంచి కొనకుండా కౌలుకు తీసుకుంది, ఎకరాకు ఏడాదికి 21 వేలు, కాలంతోపాటు పెరిగేలా. భూమి రైతు పేరునే ఉంది. ఎప్పుడూ ఎండిపోయే ఆ నేలకు ఇది మేలైన బేరం. భూమి లేని కూలీకి అక్కడా ఏమీ దక్కలేదు. కౌలు పద్ధతి సేకరణ కంటే నయం, అయినా సగం న్యాయమే.

తెలంగాణలో మహిళా సంఘాల చేతిలో వెయ్యి మెగావాట్ల సోలార్ కేంద్రాలు పెట్టిస్తామన్న ప్రభుత్వ ఆలోచన, పోడు భూముల్లో గిరిజన రైతులకు సోలార్ పంపుసెట్లు ఇచ్చే ఇందిర సౌర గిరి జల వికాసం పథకం ఈ దిశలో సరైన అడుగులు. అవి కాగితం మీది అంకెల దగ్గరే ఆగితే అది ఆడవాళ్లకూ గిరిజనులకూ జరిగే మోసమవుతుంది. సంఘానికి వచ్చే యూనిట్ ధర ఎంత, డిస్కం బకాయి ఎన్నాళ్లకు చెల్లిస్తుంది, అప్పు వాయిదా ఎవరు మోస్తారు.. వీటికి జవాబులు ఒప్పంద పత్రంలో ఉండాలి.

కొత్త గనులు అడిగే సంఘాలు

ఇక్కడ నాకు ఇష్టమైనవాళ్లతోనే నాకు పేచీ ఉంది. 2021 డిసెంబర్‌లో సింగరేణి సంఘాలన్నీ కలిసి మూడు రోజులు సమ్మె చేశాయి. శ్రావణపల్లి, కోయగూడెం సహా నాలుగు బొగ్గు బ్లాకులను వేలం వేయొద్దు, సింగరేణికే ఇవ్వండన్నది డిమాండు. వేలం అంటే ప్రజల బొగ్గు ప్రైవేటు చేతికి పోవడమే గనుక ఆ సమ్మె న్యాయమైనది. అప్పుడూ సమర్థించాను, ఇప్పుడూ సమర్థిస్తాను. కానీ కొత్త బ్లాకులొస్తే ఉద్యోగాలొస్తాయన్న నమ్మకాన్ని గత ముప్పై ఏళ్ల లెక్క నిలబెట్టడం లేదు. కొత్త గనుల్లో ఎక్కువ ఓపెన్‌కాస్టులే. వాటిలో మట్టి కాంట్రాక్టరుది, బొగ్గు కంపెనీది, కారుణ్య నియామకం కొద్దిమందిది. 70 మిలియన్ టన్నులను వంద మిలియన్ టన్నులు చేసినా పాత మస్టర్లు తిరిగి రావు.

సంఘాలు అడగాల్సింది గడువుతో కూడిన ప్రణాళిక. ఏ గని ఏ ఏడాది మూతపడుతుందో ముందే చెప్పాలి. ఆ ఏడాదికి ఐదేళ్ల ముందే ఆ ప్రాంతంలో కొత్త పని మొదలవ్వాలి. సింగరేణి ఇప్పటికే రెండు వందల మెగావాట్లు దాటి సోలార్ పెట్టింది. ఆ ప్లాంట్ల కాపలాదారుడి జీతం, గనిలో పర్మినెంటు మనిషి జీతం మధ్య ఉన్న తేడాను సంఘాలు బేరసారాల బల్ల మీదికి తేవాలి. ఆ తేడా ఉన్నంతకాలం కార్మికుడి ఇంట్లో సోలార్ అంటే తక్కువ జీతమని అర్థం. దాన్ని మార్చకుండా వాతావరణం గురించి ఎన్ని ఉపన్యాసాలిచ్చినా చెవికెక్కవు.

వేడి మాత్రం ఎవరి నిర్ణయం కోసమూ ఆగడం లేదు. 2015 వేసవిలో దేశంలో వడగాడ్పులకు రెండు వేల మందికి పైగా చనిపోతే, వాళ్లలో ఎక్కువమంది రెండు తెలుగు రాష్ట్రాలవాళ్లే. కూలీలు, ముసలివాళ్లు, రోడ్డు పక్కన బతికేవాళ్లు. తెలంగాణ ప్రభుత్వం వడదెబ్బ మరణాలకు నాలుగు లక్షల పరిహారం ఇస్తామని 2025లో ప్రకటించింది. ఓపెన్‌కాస్టులో ఎండాకాలం రాతి నేల పొద్దుగూకినా చల్లారదు. మజ్జిగ ప్యాకెట్లు పంచడం, షిఫ్టు వేళలు మార్చడం చేస్తున్నారు. ఏసీ క్యాబిన్ ఉన్న డంపర్‌లో కంపెనీ ఆపరేటర్, అది లేని టిప్పర్‌లో కాంట్రాక్టు డ్రైవరు పక్కపక్కనే ఒకే గోతిలోకి దిగుతారు.

బొగ్గు పరిశ్రమలో 11వ వేతన ఒప్పందం 2021 జులై 1 నుంచి ఐదేళ్లకు చేసుకున్నది, దాని గడువు 2026 జూన్ 30. పన్నెండో ఒప్పందం చర్చల్లో కాంట్రాక్టు కార్మికులకు హైపవర్ కమిటీ ఖరారు చేసిన వేతనాలు కచ్చితంగా అమలు చేయడం, గని మూసివేతకు ముందస్తు నోటీసు, శిక్షణ కాలానికి పూర్తి జీతం, టన్నుకు ఇంత చొప్పున బొగ్గు ప్రాంత నిధి.. ఈ నాలుగూ డిమాండు పత్రంలో ఉండాలి. డిమాండు పత్రం రాసేది కేంద్ర కార్మిక సంఘాలు. దాని మీద చర్చ గనుల దగ్గర గేటు మీటింగుల్లో మొదలవ్వాలి, కాంట్రాక్టు కార్మికులను కూడా పిలిచి.